ఉత్తరీయం వేసుకుంటే రోజుకి ఎన్ని జపాలు బాకీ?

సంపాదకులకు నమస్కారం.

కార్మెల్ మాత పండుగ సందర్భంగా మీ భక్తి పేజీలో ఉత్తరీయం (దేవమాత భక్తికి గుర్తుగా కతోలికులు మెడలో వేసుకునే చిన్న గుడ్డ) మీద వేసిన వ్యాసం చదివాను. చాలావరకు బాగానే ఉంది. కానీ చివర్లో ఒక పెట్టె కట్టి అందులో లావు అక్షరాలతో ఒక మాట వేశారు చూడండి, ఉత్తరీయం ధరించినవాళ్లు రోజూ ఏడు పరలోక జపాలు, ఏడు మంగళవార్త జపాలు, ఏడు త్రిత్వ స్తోత్రాలు (మూడూ చిన్న ప్రార్థనలే) విధిగా చెప్పాలి, ఒక్కరోజు తప్పినా ఫలం పోతుంది, పైగా పాపం అని, అది చదివాక పేపరు మడిచి పక్కన పెట్టబుద్ధి కాలేదు. అది తప్పండీ. ఏదో తేదీ తప్పు పడినట్టు సరిపెట్టుకోగలిగిన తప్పు కూడా కాదు, ఎందుకంటే సరిగ్గా ఇదే వాక్యాన్ని పట్టుకుని నలభై ఏళ్లుగా భయపడుతూ బతికిన మనిషి మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మ సంగతి చెబుతున్నాను. పోయినేడాది ఆమెకు ఆపరేషన్ అయింది. అంతకుముందు స్కానింగ్‌కి తీసుకెళుతూ మెడలో ఏమీ ఉండకూడదన్నారు. గొలుసు అడిగితే మారుమాట లేకుండా తీసి ఇచ్చింది గానీ ఉత్తరీయం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. చూడనివాళ్ల కోసం చెబుతున్నా, అది రెండు చిన్న ఉన్ని గుడ్డముక్కలు, గోధుమరంగువి, రెండు నాడాలతో కలిపి ఉంటాయి, ఒక ముక్క గుండె మీదికి, ఒకటి వీపు మీదికి వస్తుంది. అమ్మ దాంట్లో ముందు ముక్క మీది బొమ్మ చెమటకీ సబ్బుకీ అరిగిపోయి తల్లి ఎవరో బిడ్డ ఎవరో తెలీకుండా అయింది, ఎడమ భుజం దగ్గర నాడా తెగితే తెల్లదారంతో ముడేసుకుంది. దాన్ని తీసి నా గుప్పిట్లో పెట్టి "కింద మాత్రం పెట్టకు" అని లోపలికి వెళ్లింది.

అది పది నిమిషాల టెన్షన్, అయిపోయింది. అసలు బాధ ఆపరేషన్ అయిన మర్నాడు రాత్రి మొదలైంది. మందుల మత్తులో ఉంది కదా, వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకుంటూ జపాలు మొదలుపెట్టేది, "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అంటూ మూడోదో నాలుగోదో వచ్చేసరికి కళ్లు మూతలు పడేవి, కాసేపటికి ఉలిక్కిపడి లేచి "ఎన్నయ్యాయి?" అని నన్ను అడిగేది, నాకేం తెలుసమ్మా అంటే మళ్లీ మొదటినుంచి. రాత్రి రెండు దాకా ఇదే వరస. రేపు చెప్పుకోవచ్చులే అన్నాను. "రేపటివి రేపటికి ఉన్నాయి, ఇవాళ్టివి ఎవరు చెప్తారు?" అంది. పోనీ నేను చెబుతానంటే ఒప్పుకోదు. ఆపరేషన్ రోజువి, దాని ముందు రోజువి కూడా మిగిలిపోయాయట, మొత్తం మూడు రోజులవి, అంటే 21 పరలోక జపాలు, 21 మంగళవార్తలు, 21 త్రిత్వ స్తోత్రాలు, కలిపి 63. కుట్లు నొప్పి పెడుతున్నాయని ఒక్కసారి కూడా అనలేదు గానీ ఈ 63 గురించి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక ఆమె జపాల పుస్తకంలో వెతికితే మడతలు పడి చిరగబోతున్న కరపత్రం ఒకటి దొరికింది. అందులో ఉన్న వాక్యమే దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఇప్పుడు మీ పెట్టెలో ఉంది. కాబట్టి మీ వ్యాసకర్తను నేను తప్పుపట్టను, ఆయన కనిపెట్టింది కాదది, ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదికి ఎక్కుతూ వస్తోంది, మధ్యలో ఎవరూ ఆగి ఇది ఎక్కడిదని అడగలేదు.

నేను అడిగాను. దొరికింది ఇది.

కార్మెల్ సభకు (అదొక సన్యాసుల సంఘం) పెద్దగా ఉన్న పునీత సైమన్ స్టాక్ గారికి 1251 జూలై 16న దేవమాత కనిపించి ఉత్తరీయాన్ని ఇచ్చి, దీన్ని ధరించి మరణించేవాళ్లు నిత్యాగ్నిలో పడరని చెప్పిందన్నది సంప్రదాయం. ఈ కథ రాతలో కనబడేది ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాకే కాబట్టి చరిత్రకారులకు దీని మీద అనుమానాలున్నాయి, ఆ గొడవ పక్కన పెడదాం. నమ్మేవాళ్ల లెక్కలో చూసినా ఆ మాటలో ఏడు లేదు, మూడు లేదు, అసలు జపాల ప్రస్తావనే లేదు. ఉత్తరీయం అంటే సన్యాసులు పనిచేసేటప్పుడు అంగీ మీద భుజాల మీదుగా ముందుకీ వెనక్కీ వేలాడేలా వేసుకునే పొడవాటి గుడ్డ, లాటిన్‌లో దాని పేరు భుజం అనే మాటనుంచే వచ్చింది, మన భాషలో ఉత్తరీయం అన్న పేరు ఎవరు పెట్టారో గానీ చక్కగా కుదిరింది. గృహస్థులు వేసుకునే ఈ చిన్న ముక్కలు దాని సంక్షిప్త రూపం. మేమూ ఆ తల్లి ఇంటివాళ్లమే అని చెప్పుకునే బట్ట అన్నమాట.

మరి జపాలు ఎక్కడినుంచి వచ్చాయి? దీనికి అతుక్కున్న రెండో కథనుంచి. శనివారపు వరం అంటారు దాన్ని. ఉత్తరీయం వేసుకున్నవాళ్లు చనిపోయాక వచ్చే మొదటి శనివారం దేవమాత వాళ్లను ఉత్తరించు స్థలం (చనిపోయినవాళ్ల ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి పొందే చోటు) నుంచి విడిపిస్తుందని 22వ జాన్ పోపు 1322 మార్చి 3న శాసనం ఇచ్చారని చెబుతారు. (ఉత్తరీయానికీ ఉత్తరించు స్థలానికీ పేర్లు దగ్గరగా ఉండటంతో మా అమ్మ చాలాకాలం రెండూ ఒకే మాట అనుకుంది.) ఆ శాసనం అసలైనది కాదని పండితులు ఎప్పుడో తేల్చారు. ఈ రగడ పెరిగి పెరిగి చివరికి 5వ పౌల్ పోపు కాలంలో, 1613లో, రోము నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. దాని సారం ఏమిటంటే, కార్మెల్ సభవాళ్లు ఈ మాట బోధించుకోవచ్చు, దేవమాత తన బిడ్డల ఆత్మలకు వాళ్ల మరణం తర్వాత, ముఖ్యంగా శనివారం నాడు, తన ప్రార్థనలతో సాయపడుతుందని భక్తితో నమ్మొచ్చు, అయితే ఆమె స్వయంగా ఉత్తరించు స్థలంలోకి దిగి ఆత్మల్ని బయటికి లాగుతున్నట్టు బొమ్మలు వెయ్యకూడదు. అలా నమ్మేవాళ్లు పాటించాల్సినవి కూడా అందులోనే చెప్పారు. దైవప్రేమలో మరణించాలి, బతికినంతకాలం ఉత్తరీయం ధరించి ఉండాలి, పెళ్లయినవాళ్లు పెళ్లయినవాళ్లకు తగ్గట్టు కానివాళ్లు కానివాళ్లకు తగ్గట్టు శుద్ధంగా బతకాలి, దేవమాత చిన్న జపక్రమం (ఆమె పేరిట గడియల వారీగా చదివే ప్రార్థనలు) రోజూ చదవాలి, చదువురానివాళ్లు శ్రీసభ, అంటే కతోలిక సంఘం, పెట్టిన ఉపవాసాలు పాటించి బుధవారం, శనివారం మాంసం మానాలి.

ఇక్కడ కాస్త ఆగాలి. 1613లో చదవడం వచ్చినవాళ్లు ఎంతమంది, చేతిలో జపక్రమం పుస్తకం ఉండేవాళ్లు ఎంతమంది? అందుకే ఆ ఉత్తర్వులోనే, అంత కట్టుదిట్టంగా రాసిన దాంట్లోనే, రానివాడికి వేరే దారి పెట్టారు. మాంసం మానడం కుదరనివాళ్లుంటారు, జబ్బుపడ్డవాళ్లు, ఒకరింట్లో పనిచేస్తూ పెట్టింది తినేవాళ్లు, వాళ్లకోసం అధికారం ఉన్న గురువులు, అంటే ఫాదర్లు, దాన్ని ఇంకోదానికి మార్చి ఇచ్చేవారు. ఒకరికి ఐదు దేవరహస్యాల జపమాల, ఇంకొకరికి ఏడేసి జపాలు. అదిగో, మా అమ్మ ఏడూ మీ పెట్టెలో ఏడూ అక్కడినుంచి వచ్చాయి. అంటే మోయలేనివాళ్లకు బరువు తగ్గించడానికి ఎవరో గురువు ఎవరికో ఇచ్చిన సడలింపు, ఊరు మారి, కాలం మారి, కరపత్రం ఎక్కి అందరికీ పెద్ద బరువై కూర్చుంది. దీన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ షరతుల్లో శుద్ధంగా బతకడం అనేది ఒకటుంది కదా, అందరికీ కష్టమైంది అదే, మరి మా అమ్మ కరపత్రంలో గానీ మీ పెట్టెలో గానీ అది లావు అక్షరాల్లో ఉందా? లేదు. వేళ్ల మీద లెక్కపెట్టడానికి వీలైనదాన్నే లావు చేసి వేస్తారు.

ఇక పాపం అన్న మాట. ఆ శనివారపు వరాన్ని అక్షరాలా నమ్మినా సరే, షరతు తప్పితే పోయేది ఆ వరం ఒక్కటే, అది పాపమేమీ కాదు. ఉత్తరీయం తీసేసినా పాపం కాదు, మర్చిపోయినా కాదు. శ్రీసభ చట్టం తీసి చూడండి, మామూలు గృహస్థుల మీద పెట్టిన విధులు చాలా తక్కువ. ఆదివారాలు, విధి పండుగలు పూజలో పాల్గొనాలి, ఇది 1247వ నియమం. గొప్ప పాపాలుంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చెయ్యాలి, అది 989. ఏడాదికి ఒక్కసారైనా, పాస్కా కాలంలో, దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోవాలి, అది 920. ఉపవాసాల నియమాలు ఉన్నాయి. రోజూ ఫలానా జపం ఇన్నిసార్లు చెప్పాలన్న విధి గృహస్థులకు ఎక్కడా లేదు. గురువులకు మాత్రం ఉంది, వాళ్లు రోజువారీ గడియల ప్రార్థన తప్పకుండా చెప్పాలి, మన అమ్మలూ అమ్మమ్మలూ గురువులు కారు కదా.

దండవిమోచనల (పాపాలకు మిగిలిన శిక్షను శ్రీసభ తీసెయ్యడం) సంగతి అడుగుతారేమో, అదీ ఒక ముక్కలో చెప్పేస్తాను. పాత పుస్తకాల్లో ఈ జపానికి 300 రోజులు, ఆ జపానికి ఏడేళ్లు అని ఉండేవి. 1967లో 6వ పౌల్ పోపు ఆ రోజుల లెక్క, ఏళ్ల లెక్క మొత్తం తీసేశారు. అయినా పాత పుస్తకాల ఫొటోలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి.

గుడ్డకు బదులు లోహపు పతకం వేసుకోవచ్చా అన్నదానికి మీ వ్యాసంలో కుదరదని రాశారు, అదీ పొరపాటే. 1910లో 10వ పయస్ పోపు అనుమతించారు, ఒకవైపు యేసు తిరుహృదయం, ఇంకోవైపు దేవమాత బొమ్మ ఉన్న పతకం, ముందు గుడ్డ ఉత్తరీయాన్ని గురువు చేత వేయించుకుని ఉండాలి. గుడ్డదే మేలని ఆయనే అన్నారనుకోండి. చెమట పట్టే పనులు చేసేవాళ్లకు, చర్మానికి ఉన్ని పడనివాళ్లకు ఇది తెలియడం అవసరం. పాతది చిరిగితే కొత్తది మెడలో వేసుకుంటే సరిపోతుంది, మళ్లీ మొదటినుంచి ఆశీర్వాదం అక్కర్లేదు, పాతదాన్ని కాల్చెయ్యడమో పూడ్చెయ్యడమో చేస్తారు. మా అమ్మకు ఇదీ తెలీదు, అందుకే ఆ తెల్లదారం ముడి.

అయితే ఒక చిక్కుంది, దాన్ని దాచను. మా అమ్మ విషయంలో అది ఉత్తి కరపత్రం భయం కాదు, ఏనాడో ఈ ఏడేసి జపాలు చచ్చేదాకా చెబుతానని మొక్కుకుంది కూడా. మొక్కు వేరే సంగతి, అది నిజంగానే కట్టేస్తుంది, తెలిసీ ఇష్టపడీ దేవునికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలని 1191వ నియమం. కానీ అదే నియమంలో, అన్యాయమైన పెద్ద భయం పెట్టి గానీ మోసం చేసి గానీ చేయించిన మొక్కు అసలు చెల్లదని కూడా ఉంది. 1193 ఏమంటుందంటే మొక్కు మొక్కినవాళ్లనే కట్టేస్తుంది, ఇంకొకరిని కాదు అని. ("నేను పోతే మిగిలినవి నువ్వు చెప్పాలి" అని అమ్మ నాకు రెండుసార్లు చెప్పి ఉంచింది, కాబట్టి ఆ నియమం చదివినప్పుడు నాకు కొంచెం ఊపిరాడింది.) 1196 ప్రకారం విచారణ గురువు, అంటే మన చర్చి ఫాదర్, తగిన కారణం ఉంటే తన విచారణవాళ్ల మొక్కును తీసెయ్యగలడు. 1197 ప్రకారం మొక్కినవాళ్లే దాన్ని అంతకంటే మంచిదానికో సమానమైనదానికో మార్చుకోవచ్చు.

మా విచారణ గురువుగారిని ఇంటికి పిలిచాను. ఆయన అంతా విని, అమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ 63 వదిలెయ్యమ్మా, ఇకనుంచి రోజుకి ఒక్క మంగళవార్త చెప్పు చాలు, అదీ మెలకువగా ఉంటేనే, నీ మొక్కు మార్చే అధికారం నాకుంది అన్నారు. అమ్మ ఆయన్ని అనుమానంగా చూసింది. "ఒక్కటేనా ఫాదర్?" అంది. ఒక్కటే అన్నారాయన. కాసేపు ఆలోచించి "మూడు చేద్దాం" అంది. బేరం మూడు దగ్గర తెగింది. ఆవిడ ఇప్పుడు మూడు చెప్పుకుని పడుకుంటోంది, బాగున్న రోజున సాయంత్రం పూర్తి జపమాల చెబుతోంది, దానికి లెక్క మాత్రం రాసుకోవడం లేదు.

ఇలాంటి ఉత్తరం రాస్తే ఏమంటారో నాకు తెలుసు. భయం తీసేస్తే ఎవరూ జపం చెప్పరు, ఉత్తరీయం తాయెత్తు అయిపోతుంది అంటారు. ఆ మాటలో సగం నిజముంది, మెళ్లో వేసుకుని ఇక నాకేం అనుకునేవాళ్లు లేకపోలేదు. 1950లో 12వ పయస్ పోపు కార్మెల్ సభ పెద్దలకు రాసిన లేఖలో ఈ హెచ్చరికే ఉంది, ఉత్తరీయం ఉంది కదా అని బద్ధకంగా, నిర్లక్ష్యంగా బతికి రక్షణ పొందవచ్చనుకోవద్దని. 2001లో 2వ జాన్ పౌల్ పోపు, తానూ చాలాకాలంగా ఉత్తరీయం వేసుకుంటున్నానని చెబుతూనే, దేవమాత మీద భక్తి ఏవో కొన్ని సమయాల్లో చెప్పే జపాలతో ఆగిపోకూడదు, బతికే తీరే అలా మారాలన్నారు. ఇద్దరూ ఏడూ మూడూ అని చెప్పలేదు గమనించండి, ఇద్దరూ అడిగింది అంతకంటే ఎక్కువ. భయపెట్టి లెక్క కట్టించుకుంటే వచ్చేది ఏమిటో మన భాషే చెబుతోంది, మొక్కుబడి అంటే మొక్కు చెల్లించడం అని ఒకప్పటి అర్థం, ఇప్పుడు మొక్కుబడిగా చేశాడంటే ఏదో అయిందనిపించాడని. ఎన్ని తరాలవాళ్లు ఎన్ని లెక్కలు గబగబా పూర్తిచేస్తే ఆ మాటకు ఆ గతి పట్టి ఉంటుంది!

కార్మెల్ సభలోనే పుట్టిన ఇంకో సాక్ష్యం ఉంది. చిన్న తెరేజమ్మ గారు, 24 ఏళ్లకే 1897లో కన్నుమూసిన కార్మెల్ కన్య, 1997లో శ్రీసభ ఆమెకు వేదపండితురాలి బిరుదు ఇచ్చింది, ఆమె తన జ్ఞాపకాల్లో ఏం రాసుకున్నారో తెలుసా? ఒంటరిగా జపమాల చెప్పుకోవడం తనకు ఎంతో కష్టమని, ఎంత ప్రయత్నించినా మనసు నిలవదని. ప్రార్థన వేళ నిద్రపోతుంటానని కూడా దాపరికం లేకుండా ఒప్పుకున్నారు, నిద్రపోతున్న పిల్లలంటే కూడా తల్లిదండ్రులకు ప్రేమే కదా అని ధైర్యం చెప్పుకున్నారు. ఆ రాత్రి నాకు ఈ సంగతి తెలిసి ఉంటే అమ్మకు చదివి వినిపించేవాణ్ణి.

పత్రికగా మీరు చెయ్యగలిగింది చిన్నదే. వచ్చేవారం అదే పేజీలో, అదే పెట్టెలో, అంతే లావు అక్షరాల్లో ఒక సవరణ వెయ్యండి. ఉత్తరీయం వేసుకున్నవాళ్లకు విధిగా ఇన్ని జపాలని ఏమీ లేదు, తప్పితే పాపం లేదు, శనివారపు వరానికి ఆధారంగా చెప్పే 1322 శాసనం అసలైనది కాదు, ఎవరికైనా మొక్కు భారమైతే విచారణ గురువును అడగొచ్చు. అంతే, నాలుగు ముక్కలు. ఏ మూలనో ఉన్న పేజీలో కింద చిన్న అక్షరాల్లో వేస్తే మాత్రం ప్రయోజనం లేదు, ఆ వ్యాసం చదివి భయపడినవాళ్లలో చాలామందికి చత్వారం ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు